రాత్రి నోట్లో ఏముండగా నిద్రపోతున్నారు?

మీ ప్రశ్న రెండుసార్లు చదివానమ్మా. మీరు కువైట్‌లో ఇళ్ళల్లో పని చేస్తున్నారు. నాలుగున్నరేళ్ళ బాబు మలికిపురం దగ్గర పల్లెలో మీ అమ్మానాన్నల దగ్గర పెరుగుతున్నాడు. వాడి పై ముందు పళ్ళు నాలుగూ నల్లబడి మొదళ్ళ దాకా అరిగిపోయాయి. దవడ పళ్ళు రెండిటికి గుంటలు పడ్డాయి. అన్నం నమలకుండా మింగేస్తున్నాడు. "పాలపళ్ళే కదా, ఎలాగూ ఊడిపోయేవే" అంటున్నారు మీ అమ్మగారు. నాన్నగారికి పదేళ్ళుగా షుగరు. కింది పళ్ళు కదులుతున్నాయి, ఈ ఏడాదిలో రెండు వాటంతటవే ఊడిపోయాయి, పొగాకు మాత్రం మానడం లేదు. ఇది పళ్ళ సంగతేనా, ఒంటికి కూడా సంబంధం ఉందా, డబ్బు పంపడం తప్ప ఇంత దూరం నుంచి నేనేం చేయగలను అని అడిగారు.

నేను కోనసీమలోనే ఇరవై రెండేళ్ళుగా పళ్ళ వైద్యం చేస్తున్నాను. అమ్మ గల్ఫ్‌లో, పిల్లలు అమ్మమ్మ దగ్గర. ఇలాంటి ఇళ్ళ నుంచి వచ్చిన పిల్లల్ని ఎంతమందిని చూశానో లెక్క లేదు. అందుకే ముందుగా ఒక మాట. ఇందులో మీ తప్పు గానీ, అమ్మగారి తప్పు గానీ వెతకకండి. అమ్మ గుర్తొచ్చి ఏడిచే పిల్లాణ్ణి ఊరుకోబెట్టడానికి ఆ పెద్దావిడ చేతిలో ఉన్నది ఒక బిస్కెట్ పొట్లం, ఒక గ్లాసుడు తీపి పాలు. ఆవిడ ప్రేమతోనే ఇచ్చింది. దాని వల్ల ఏం జరుగుతుందో ఆవిడకి ఎవరూ చెప్పలేదు.

మీరు మధ్యలో ఒక్క వాక్యంలో రాసి వదిలేసిన సంగతి ఒకటుంది. "బాబు పాలు తాగుతూనే నిద్రపోతాడు, నాన్న బుగ్గన పొగాకు పెట్టుకునే పడుకుంటారు" అన్నారు. నాకు జవాబంతా ఆ వాక్యంలోనే కనిపించింది. తాతకీ మనవడికీ వచ్చిన జబ్బులు వేరు. కానీ రెండూ ఎక్కువగా పెరిగింది రాత్రిపూటే.

నోటిని కాపాడేది బ్రష్ ఒక్కటే కాదు. అంతకంటే ముందు లాలాజలం ఉంది. రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా ఊరుతుంది. తిన్నదాన్ని కడిగేస్తుంది, పులుపును విరిచేస్తుంది, పంటి పైపొర నుంచి పోయిన ఖనిజాలను కొంత తిరిగి అందిస్తుంది. మనం నిద్రపోగానే అది దాదాపు ఆగిపోతుంది. పగలు నోట్లో పడిన తీపి కాసేపటికి కొట్టుకుపోతుంది. రాత్రి పడుకునే ముందు పడిన తీపి అక్కడే ఉండిపోతుంది. పొలానికి పారుతూ వచ్చే నీటికీ, వేసవిలో కాలువ కట్టేశాక మడుగుల్లో నిలిచిపోయిన నీటికీ ఎంత తేడా ఉంటుందో మన డెల్టాలో పుట్టినవాళ్ళకి చెప్పనక్కర్లేదు.

మన ఇళ్ళలో పళ్ళు తోమడం పొద్దుటి పని. మొహం కడుక్కోవడంలో అదొక భాగం. పాచినోటితో కాఫీ తాగితే పెద్దవాళ్ళు ఊరుకోరు. ఆ పట్టింపు మంచిదే, వదులుకోవద్దు. కానీ ఆ పాచి పట్టింది రాత్రంతా. చేయాల్సిన పాడు చేసేశాక పొద్దున్నే దాన్ని కడుగుతున్నాం. రోజుకు ఒక్కసారే తోమే ఓపిక ఉందని ఎవరైనా అంటే, అది రాత్రి తోమండి, పొద్దున నీళ్ళతో పుక్కిలించినా చాలని చెప్తాను. రెండుసార్లూ తోమితే మరీ మంచిది.

ఇక బాబు సంగతి. పాలలో పంచదార, పైన ఏదో ఒక పొడి. తాగుతూ తాగుతూ కళ్ళు మూతలు పడతాయి. చివరి గుక్క పై పెదవి వెనక నిలిచిపోతుంది. పళ్ళ మీద ఉన్న సూక్ష్మజీవులు ఆ చక్కెరను తిని ఆమ్లం విడుస్తాయి. నోటి పీహెచ్ (పులుపును కొలిచే అంకె, తగ్గేకొద్దీ పులుపు ఎక్కువ) 5.5 కంటే కిందికి దిగితే పంటి పైపొర కరగడం మొదలవుతుంది. పాలపళ్ళ పైపొర పెద్దవాళ్ళ పళ్ళలో సుమారు సగం మందమే ఉంటుంది కాబట్టి తొందరగా గుంటపడుతుంది. మీరు గమనించే ఉంటారు, కింది ముందు పళ్ళు మాత్రం బాగానే ఉన్నాయి కదా? పాలు తాగేటప్పుడు నాలుక వాటిని కప్పి ఉంచుతుంది, నాలుక కింద లాలాజలం ఊరే చోటు కూడా అదే. పైవి నాలుగూ పోయి కిందివి మిగిలాయంటే ఇది పడక మీద పాల వల్ల వచ్చిందని దాదాపు చూడగానే చెప్పేయవచ్చు.

పగటి సంగతి కూడా చూడాలి. తీపి ఎంత తిన్నాడన్నది ఒక లెక్కయితే, ఎన్నిసార్లు తిన్నాడన్నది అంతకంటే పెద్ద లెక్క. ఏదైనా తీపి నోట్లో పడ్డాక ఆ పులుపు తగ్గడానికి సుమారు అరగంట, ఒక్కోసారి గంట పడుతుంది. బాబు రోజుకు ఆరుసార్లు బిస్కెట్టో చాక్లెట్టో తింటే వాడి పళ్ళు మూడు నాలుగు గంటలు ఆమ్లంలో నానినట్టే. అదే తీపి మధ్యాహ్నం అన్నంతోపాటు ఒక్కసారి పెడితే దెబ్బ ఒక్కటే. అందుకని ఆత్రేయపురం పూతరేకు తెచ్చినప్పుడు పిల్లాడికి పెట్టొద్దని నేను ఎప్పుడూ చెప్పను. భోజనం అవగానే పెట్టండి, తిన్నాక నీళ్ళు తాగించండి. రోజంతా చేతిలో ఉండే క్రీమ్ బిస్కెట్ దానికంటే చాలా చెడ్డది. తీర్థాల్లో కొనే జీళ్ళ గురించి మాత్రం కాస్త గట్టిగానే చెప్తాను. అవి పళ్ళ సందుల్లో అతుక్కుని గంటలకొద్దీ ఉంటాయి. "బెల్లంతో చేసినవే కదండీ" అంటారు. బెల్లంలో ఎక్కువ భాగం పంచదారలో ఉన్న చక్కెరే. పుచ్చు పట్టించే క్రిములకు రెండూ ఒకటే.

ఆకలేసినప్పుడు ఏం పెట్టాలంటే మన ఇళ్ళల్లో ఉన్నవే. పచ్చి కొబ్బరి ముక్క, జామకాయ, ఉడికించిన గుడ్డు, మినపట్టు. దవడ పళ్ళు నొప్పి పెడుతున్నంత కాలం కొబ్బరి, జామ నమలలేడు కాబట్టి ముందు వైద్యం చేయించాలి.

"పాలపళ్ళే కదా" అన్న మాటకి వస్తాను, ఎందుకంటే అన్నిటికంటే ఎక్కువ నష్టం ఈ మాట వల్లే జరుగుతోంది. ముందు పళ్ళు ఆరేడేళ్ళకి ఊడతాయి, నిజమే. కానీ పాల దవడ పళ్ళు పదీ పన్నెండేళ్ళ దాకా ఉండాలి. మీ బాబు ఇంకో ఆరేళ్ళకు పైగా వాటితోనే నమలాలి. అవి ముందే పోతే పక్క పళ్ళు ఆ ఖాళీలోకి ఒరిగిపోయి, కింద ఉన్న శాశ్వత పంటికి చోటు ఉండదు. పళ్ళు వంకర వచ్చాయని పదమూడో ఏట తీసుకొచ్చే పిల్లల్లో చాలామంది కథ ఇక్కడే మొదలవుతుంది. పంటి నొప్పి ఉన్న పిల్లాడు సరిగ్గా తినడు, నిద్రపోడు, బరువు పెరగడు, చిరాకు పడతాడు. వాణ్ణి అల్లరివాడనో మొండివాడనో అంటాం. వాడు అన్నం మింగేస్తున్నాడన్నారు చూడండి, అది అల్లరి కాదు, నమిలితే నొప్పి.

ఇప్పుడు చేయాల్సింది. ఈ నెలలోనే బాబుని పిల్లల పళ్ళ డాక్టరుకి చూపించమనండి. డెంటల్ కాలేజీలలో పిల్లల విభాగం విడిగా ఉంటుంది, బయటికంటే ఖర్చు కూడా తక్కువ. మీ ఊరి నుంచి చించినాడ వంతెన దాటి పాలకొల్లు మీదుగా భీమవరం వెళ్ళొచ్చు. రాజమహేంద్రవరంలో కూడా ఉన్నాయి. దవడ పళ్ళలో పుచ్చు నరం దాకా వెళ్ళకపోతే సిమెంటు నింపుతారు, వెళ్తే నరానికి వైద్యం చేసి పైన తొడుగు వేస్తారు. పిల్లాడు భయపడి నోరు తెరవకపోతే, సిల్వర్ డయమైన్ ఫ్లోరైడ్ అనే మందు పూసి పుచ్చును ఆపే పద్ధతి ఉంది. ఇంజెక్షన్ లేదు, మిషన్ లేదు. పూసిన చోట నల్ల మచ్చ మిగిలిపోతుంది, అది ముందే తెలుసుకుని ఒప్పుకోవాలి. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో దీన్ని అత్యావశ్యక మందుల జాబితాలో చేర్చింది. బుగ్గ వాచినా, జ్వరం వచ్చినా మాత్రం ఆ రోజే తీసుకెళ్ళాలి, మర్నాటికి వాయిదా వేయకూడదు.

ఒక సంగతి మీ అమ్మగారికి తప్పకుండా చెప్పండి. ఆరో ఏడు వచ్చేసరికి బాబు పాల దవడ పళ్ళ వెనక కొత్తగా ఒక్కో దవడ పన్ను వస్తుంది, మొత్తం నాలుగు. వాటి కోసం ఏ పన్నూ ఊడదు కాబట్టి చాలామంది అవి కూడా పాలపళ్ళే అనుకుంటారు. అవి జీవితాంతం ఉండాల్సినవి. నా దగ్గరికి వచ్చే పదేళ్ళ పిల్లల్లో ఎక్కువగా పాడైపోయి కనిపించేవి అవే. ప్రతిసారీ మనసు బాధపడుతుంది.

పేస్టులో ఫ్లోరైడ్ ఉండాలి. ట్యూబు మీద 1000 పీపీఎం దగ్గర్లో రాసి ఉంటుంది. మీ బాబు వయసుకి బఠాణీ గింజంత చాలు, ప్రకటనల్లో చూపించినట్టు బ్రష్ పొడుగునా పెట్టక్కర్లేదు. తోమించాక ఉమ్మించండి, నీళ్ళతో పదేపదే పుక్కిలించనివ్వొద్దు. ఆ ఫ్లోరైడ్ కాస్త పళ్ళ మీద ఉంటేనే పని చేస్తుంది. "ఫ్లోరైడ్ విషం కదా, నల్గొండలో చూశాం కదా" అని చదువుకున్నవాళ్ళు కూడా అడుగుతుంటారు. నల్గొండలో జరిగింది బోరు నీళ్ళలో ఏళ్ళ తరబడి మోతాదుకు మించి తాగడం వల్ల. మనం తాగే గోదావరి కాలువ నీళ్ళలో సాధారణంగా అది తక్కువే. గింజంత పేస్టు వాడి ఉమ్మేస్తే ఆ భయం అవసరం లేదు.

నాన్నగారి విషయం ఇంకా తొందరగా చూడాలి.

వయసు మీద పడింది కాబట్టి పళ్ళు ఊడుతున్నాయని ఇంట్లో అనుకుంటూ ఉంటారు. వయసుకి పళ్ళు ఊడవమ్మా. చిగుళ్ళ జబ్బుకి ఊడతాయి. పళ్ళ మొదట్లో పాచి గట్టిపడి గార అవుతుంది, దాని కింద చిగురు వాచి పంటిని పట్టుకున్న ఎముక మెల్లగా కరిగిపోతుంది. ఇందులో నొప్పి ఉండదు. అదే అసలు ప్రమాదం. పైగా పొగాకు వాడేవాళ్ళలో రక్తనాళాలు కుంచించుకుపోయి చిగుళ్ళ నుంచి రక్తం కూడా తక్కువే వస్తుంది, అంతా బాగానే ఉందనిపిస్తుంది. పన్ను కదిలేదాకా తెలియదు.

షుగరుకీ దీనికీ సంబంధం రెండు వైపులా ఉంటుంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్ళ జబ్బు ముదురుతుంది. చిగుళ్ళలో ఎప్పుడూ వాపు ఉంటే ఆ మంట ఒళ్ళంతా ప్రభావం చూపించి ఇన్సులిన్ సరిగ్గా పని చేయదు, షుగరు దిగదు. మాత్రలు మార్చి మార్చి విసిగిపోయినవాళ్ళని నోరు తెరిచి చూస్తే చీము కనిపించిన సందర్భాలు నాకు చాలా ఉన్నాయి. చిగుళ్ళకి సరైన వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల షుగరు సగటును శాతంలో చెప్పే రక్తపరీక్ష) సగటున 0.4 దాకా తగ్గుతుందని ఎన్నో పరిశోధనలను కలిపి చూసినప్పుడు తేలింది. చిన్న అంకెలా కనిపిస్తుంది గానీ, షుగరు ఉన్నవాళ్ళకి అది మంచి లాభమే. గుండె జబ్బులున్నవాళ్ళలో కూడా చిగుళ్ళ జబ్బు ఎక్కువగా కనిపిస్తుంది. అయితే పళ్ళు శుభ్రం చేయిస్తే గుండెపోటు రాదని ఎవరైనా చెప్తే నమ్మకండి, అంతవరకు రుజువు కాలేదు.

"గార తీయిస్తే పళ్ళు కదులుతాయి" అని ఆయనకి ఎవరో చెప్పే ఉంటారు. మన ఊళ్ళల్లో ఈ మాట బాగా పాతుకుపోయింది. ఎముక కరిగిపోయిన పంటిని గార గడ్డ పక్క పంటికి అతికించి పట్టుకుని ఉంటుంది. గార తీయగానే అప్పటికే వదులైన పన్ను కదలడం తెలుస్తుంది, కప్పబడిపోయిన సందులు బయటపడతాయి, చన్నీళ్ళకి కొన్ని రోజులు జివ్వుమంటుంది. వైద్యం వల్ల పన్ను పాడవలేదు, పాడైన సంగతి అప్పుడు కనిపించింది. ఇప్పుడు తీయించుకుంటే మిగతా పళ్ళు నిలుస్తాయి. వెళ్ళేటప్పుడు షుగరు రిపోర్టు తీసుకెళ్ళమనండి. రక్తం పల్చబడే మాత్రలు వాడుతుంటే చెప్పాలి, తనంతట తాను ఆపకూడదు. కదిలే పంటిని దారం కట్టి లాగేయడం అసలు వద్దు.

ఆయన పళ్ళు తోమేది దేనితోనో కూడా కనుక్కోండి. కచ్చిక, బొగ్గు, ఊక బూడిద ఇంకా వాడేవాళ్ళున్నారు. ధాన్యం ఊక కాల్చిన బూడిదలో ఎక్కువ భాగం సిలికానే, గిన్నెలు తళతళలాడేది అందుకే. పళ్ళు కూడా తెల్లగా కనిపిస్తాయి, పైపొర అరిగిపోతూ ఉంటుంది. వేపపుల్లతో ఇబ్బంది లేదు, మెత్తగా నమిలి వాడితే మంచిదే, కాకపోతే రాత్రి ఫ్లోరైడ్ పేస్టు దాని పక్కన ఉండాలి. కొబ్బరి ఈనెతో నాలుక గీసుకోవడం మంచి అలవాటు. అదే ఈనెతో పళ్ళ సందులు కుట్టడం, ఆడవాళ్ళు పిన్నీసుతో పొడవడం మానాలి. చిగురు చిరిగి సందు పెద్దదవుతుంది, మరింత ఇరుక్కుంటుంది, మళ్ళీ పొడుస్తారు.

పొగాకు గురించి. లంక పొగాకు పండే నేల మనది, చుట్ట కాల్చే ముసలాయన లేని వీధి నా చిన్నతనంలో లేదు. బుగ్గన పెట్టుకునేవాళ్ళని ఎలా మొదలైందని అడిగితే ఎక్కువమంది చెప్పేది ఒకటే, "ఓసారి పన్ను నొప్పెడితే పెట్టుకున్నానండీ". నొప్పి తిమ్మిరెక్కి పోయింది, పొగాకు ఉండిపోయింది. మీ నాన్నగారిని కూడా అడిగి చూడండి. అదే కారణమైతే, ఆ పంటికి వైద్యం చేయించడంతోనే మానడం మొదలవుతుంది. ఇది నేను చూసి చెప్తున్న మాట.

రాత్రంతా ఒకే బుగ్గలో ఉంటే లాలాజలం కూడా దాన్ని కడగలేదు. ఆ రసం ఏడెనిమిది గంటలు అదే చర్మం మీద ఉంటుంది. ఆ చోటే తెల్లమచ్చ, ఎర్రమచ్చ, తర్వాత పుండు వస్తాయి. రెండు వారాల్లో మానని పుండు, గోకినా పోని తెల్లమచ్చ, నోరు మునుపటంత తెరుచుకోకపోవడం, మింగేటప్పుడు ఏదో అడ్డుపడినట్టు ఉండటం, వీటిలో ఒక్కటి కనిపించినా వెంటనే చూపించాలి. మూడు వేళ్ళు నిలువుగా నోట్లో పడుతున్నాయో లేదో ఇంట్లోనే చూసుకోవచ్చు. చుట్ట నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ ఉత్తరాంధ్రలో ఎక్కువ. ఆ అలవాటున్న బంధువులు ఎవరైనా ఉంటే అంగిలి చూపించుకోమనండి. పొగాకు లేదు, వక్కే కదా అనుకునేవాళ్ళకి కూడా చెప్పాలి. పొగాకు కలవని వక్క కూడా క్యాన్సర్ తెస్తుందని అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2004లో ప్రచురించిన నివేదికలో తేల్చి చెప్పింది.

"మానెయ్యి నాన్నా" అని ఫోన్లో ఏడిస్తే ఆయన దాచుకుని పెట్టుకుంటారు. ముందు ఒక్కటే అడగండి, పడుకునే ముందు ఉమ్మేసి, పళ్ళు తోముకుని పడుకోమని. పగలు సంగతి తర్వాత. రాత్రి వదిలినవాళ్ళు కొన్ని వారాలకి పగలు కూడా తగ్గించడం చూశాను. మానాలని ఆయనకే అనిపించిన రోజు జాతీయ టొబాకో క్విట్ లైన్ 1800112356కి ఫోన్ చేయించండి, డబ్బులు పడవు.

మీ గురించి మీరేమీ రాయలేదు. పనిలో నిలబడి నిలబడి రోజుకు నాలుగైదు తీపి టీలు తాగుతూ ఉంటారు, పన్ను నొప్పెడితే నొప్పి మాత్ర వేసుకుని పని చేసుకుంటూ ఉంటారు, అక్కడి నుంచి సెలవుకి వచ్చిన చాలామంది అలాగే వస్తారు. టీలో పంచదార రెండు పూటలకే ఉంచండి, మిగతావి చప్పగా తాగండి. మాత్రను నొప్పి పంటి పక్కన పెట్టుకోవద్దు, చిగురు కాలిపోతుంది. సెలవు దొరికిన మొదటి వారంలోనే పళ్ళు చూపించుకోండి, తిరుగు టికెట్టు ముందు రోజు కాదు.

ఇక్కడి నుంచి ఏం చేయగలనన్నారు కదా. మీకు సాయంత్రం ఆరయితే ఇక్కడ ఎనిమిదిన్నర. ఆ వేళకి కుదిరితే రోజూ, కుదరకపోతే మీకు సెలవున్న రోజైనా వీడియో కాల్ చేయండి. బాబు అప్పటికే పాలు తాగేసి ఉండాలి, పాలలో పంచదార వారానికి కాస్త చొప్పున తగ్గించుకుంటూ రమ్మనండి, ఒక్కసారే మానిపిస్తే వాడు తాగడు. మీరు మీ బ్రష్ పట్టుకోండి, వాడు వాడిది పట్టుకుంటాడు. రెండు నిమిషాలు ఇద్దరూ కలిసి తోముకోండి. తర్వాత అమ్మమ్మ ఒళ్ళో తల పెట్టించి వెనక దవడ పళ్ళు ఆవిడ చేత తోమించండి, ఎనిమిదేళ్ళు వచ్చేదాకా పిల్లల చేతికి ఆ చోటు అందదు. తాతగారిని కూడా అదే సమయానికి పిలవండి, మనవడి ముందు ఆయన కాదనరు. చివర్లో బాబు పై పెదవి ఎత్తి కెమెరాకి చూపించమనండి. చిగురు అంచున కొత్తగా తెల్లటి గీత కనిపించినా, ఎక్కడైనా చిన్న పొక్కులా ఉన్నా ఆ ఫోటో దాచి ఉంచి డాక్టరుకి పంపండి. తర్వాత నీళ్ళు తప్ప వాడి నోట్లోకి ఏమీ పోకూడదు. కథ చెప్పి నిద్రపుచ్చండి.